పైకి చదివే టీచరమ్మ

ఎల్బీ నగర్‌లో ఉండే మా చిన్నప్పటి టీచరమ్మ ఏది చదివినా పైకే చదివేది, చివరికి మందు చీటీ అయినా సరే.

తెలంగాణ బంద్ నాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే స్కానింగ్ సెంటర్‌లో ఆమె భర్త స్కాన్ రిపోర్టు తయారైంది. బస్సుల్లేక ఆమె రాలేకపోయింది.

"మెయిల్ చెయ్ బిడ్డా. ముందుగాల నేనే చూస్త, మా సార్‌కు తెల్వద్దు" అని ఫోన్‌లో అంది.

ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి పంపాను. ఆమెకు కంప్యూటర్ కొత్త. ఫోన్‌లో నేను ఒక్కో అక్షరం చెబుతుంటే, గట్టిగా పలుకుతూ కొట్టింది. ఫైలు తెరుచుకోగానే అదే గొంతుతో రిపోర్టు అందుకుంది.

"టీచర్, మనసుల చదువుకోండి!" అని నేను అరిచేలోపే 'క్యాన్సర్' అన్న మాట వినిపించింది. గొంతు ఆగిపోయింది.

ఆమె వెనక నుంచి సార్ అన్నారు: "ఆపినవేంది? చదువు. నాదే గద."

ఆమె చివరి అక్షరం దాకా చదివింది. ఫోన్ పెట్టేయాలని కూడా నాకు తోచలేదు.