మెడ వంచితే అందిన చెవి

మా మేనత్త పోయింది. మంగళవారం పొద్దున చంద్రగిరి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను దోసెలు పోస్తున్నాను. పెనం మీదున్న దోసెను తిప్పి, కాలాక దించి, అప్పుడు స్టవ్ ఆపాను. అంత రాతిగుండె మనిషిని నేను. ఆమె గురించి మీకు చెప్పాలంటే అది దాచి లాభం లేదు.

అత్త చంద్రగిరి సర్కారు బడిలో ఇరవై ఏళ్లకు పైగా ఒకటో తరగతికే చెప్పింది. పిల్లలు లేరు. బిడ్డను చేర్చడానికి ఎవరు వచ్చినా పుట్టిన తేదీ అడిగేది కాదు. కుడిచేతిని నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమనేది. అందితే చేర్చుకునేది. అందకపోతే గుప్పెడు బొరుగులు చేతిలో పోసి, "ఇంగా టైముండాది, పోయి ఆడుకో నాయనా" అని పంపేది. చేరిన బిడ్డ తనంతట తాను "నువ్వు పోమ్మా" అనేదాకా తల్లిని తరగతిలోనే కూర్చోబెట్టేది. ఆ తల్లుల చేత పలకలు కూడా తుడిపించేది.

మా వాడికి మూడేళ్లు నిండిన నెలకే తిరుపతిలో మా పక్కింటావిడ తన కూతుర్ని వీధి చివర కాన్వెంటులో వేసింది. నాకు కడుపు మండింది. ఎల్‌కేజీకి మూడున్నర ఉండాలంటే మా ఆయన వయసు ఆరు నెలలు పెంచి రాయించాడు. అత్త నోరు మూయించే పని నేను చూసుకున్నాను. తలను కుడి భుజం మీదికి బాగా వాల్చితే వేలి కొన చెవికి తగులుతుందని కనిపెట్టి, వారం రోజులు వాడితో అదే చేయించాను. తగలకపోతే తొడ మీద ఒకటి వేసేదాన్ని.

ఆదివారం అత్త వచ్చింది. "సూడత్తా, అందింది" అన్నాను. అత్త రెండు వేళ్లతో వాడి గడ్డం పట్టి తల నిలబెట్టింది. చెయ్యి నడినెత్తి దగ్గరే ఆగిపోయింది.

"మెడ వంచి అందిస్తే అందినట్లా పాపా? రెండేండ్లు ఆగు."

"పక్కింటి పిల్ల అప్పుడే రైమ్సు చెప్తా ఉండాది."

"చెప్పనీ. వీడు నీకు దినామూ కాకి కతలు చెప్తాడు గదా, అది సాల్దా?"

అప్పుడు అనేశాను. "కని పెంచింటే తెలిసేది నీకు."

అత్త తాగిన కాఫీ గ్లాసు తనే కడిగి బోర్లించి, చెప్పులు వేసుకుంది. గుమ్మం దిగబోతూ వాడి తల నిమిరింది. "ఏడుస్తా ఉన్నప్పుడే వెనక్కి తెచ్చుకో పాపా. ఏడుపు మానేసినాక తెచ్చుకోని ఏం లాభం?"

మొదటిరోజు కాన్వెంటు గేటు దగ్గర నా కొంగు పట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటే విప్పి ఆయమ్మకు అప్పజెప్పాను. ఏడ్చేవాళ్లను సామాన్ల గదిలో పెట్టి తలుపు వేస్తారని నెలన్నరకు తెలిసింది. తెలిసినా మాన్పించలేదు. పక్కింటావిడ ముందు తల దించుకోవడం నాకు చేతకాలేదు. దసరా సెలవులకు ముందు వాడు ఏడుపు మానేశాడు. "మీ బాబు చాలా డిసిప్లిన్" అని మిస్సు మెచ్చుకుంటే వీధిలో మిఠాయి పంచాను.

సెలవుల్లో అత్త వచ్చి వాడి పక్కన చాప మీద కూర్చుంది. "కాకి ఏమైందిరా?" అని అడిగింది. "తెలీదు" అన్నాడు. నేను అన్న మాటకు చెమర్చని అత్త కళ్లు అప్పుడు కారిపోయాయి.

ఆ తర్వాత కూడా ఆమె రావడం మానలేదు. నేను ముందే చెప్పాను గదా అని ఒక్కసారీ అనలేదు. నా మాటకు నేను క్షమాపణ అడగలేదు. అడగనివ్వలేదని రాసుకుంటే బాగుంటుంది గానీ, అది అబద్ధం. ఇన్నేళ్లూ నన్ను ఆమె భరించింది, అంతే.

బుధవారం చంద్రగిరిలో అత్త ఇంటి ముందు జనం పట్టలేదు. ఆమె దగ్గర అఆలు దిద్దినవాళ్లు, ఇప్పుడు ఆటోలు నడిపేవాళ్లు, టమాటా మండీలో మూటలు మోసేవాళ్లు, మీసాలొచ్చిన మగాళ్లు గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చారు. మా వాడికి పదిహేడేళ్లు. గూడూరు దగ్గర హాస్టలు నుంచి వచ్చాడు. వరుసలో నిలబడి, తన వంతు రాగానే అత్త నోట్లో బియ్యం వేశాడు. అరచేతికి అంటిన గింజలను ప్యాంటుకు దులుపుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అయిపోయినట్లేనామ్మా? మూడింటి బస్సుకు పోవల్ల."

వాడి మొహం వైపు చూశాను. కళ్లు పొడిగా ఉన్నాయి.

"పో నాయనా" అన్నాను.