ఫ్రీవీలు చంపించడానికి ఉదయగిరి ప్రయాణం

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి పొద్దున ఆరూ పదికి ఒక బస్సు ఉంది. సైకిలు వెంట తీసుకెళ్ళేవాళ్ళు దానికే వెళ్ళడం మంచిది. ఆ వేళకి వెనక సీట్లు ఖాళీగా ఉంటాయి, కండక్టరుకి ఇంకా విసుగు మొదలై ఉండదు. ముందు చక్రం ఇంట్లోనే ఊడదీసి ఫ్రేముకి తాడుతో కట్టుకోవాలి. నేను ఆ పని బస్టాండులో పెట్టుకుని, నట్టు బిగుసుకుపోయి, చొక్కాకంతా గ్రీజు పూసుకున్నాను.

నాకు యాభై మూడేళ్ళు. సైకిలు నా కాలేజీ రోజులది. వంచిన హ్యాండిలు, సన్నటి టైర్లు, వెనక ఐదు గేర్లు. ఇరవై ఏళ్ళుగా మేడమెట్ల కింద పడి ఉంది. నా తమ్ముడు శామ్యూల్ ఎన్నోసార్లు అడిగాడు, ఇవ్వలేదు. నేను తొక్కిందీ లేదు. చివరికి వాడు అలాంటిదే ఎవరి దగ్గరో పాతది కొనుక్కున్నాడు.

శామ్యూల్ ఉదయగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. కొన్న కొద్దిరోజులకే ఆ సైకిలు గేర్లు చెడిపోయాయి. వాటి సామాను ఆ చుట్టుపక్కల దొరకదు. ఫోన్లో వీడియోలు చూసి, గేర్లన్నీ పీకించి ఫిక్స్‌డ్ గేరు చేయించుకున్నాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మామూలు సైకిలుకి మనం తొక్కడం ఆపినా చక్రం దాని మానాన అది తిరుగుతుంది. అలా తిరగనిచ్చేది వెనక చక్రానికి ఉండే ఫ్రీవీలు. దాన్ని కదలకుండా చేసేస్తే, చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు కూడా తిరుగుతూనే ఉంటాయి. కాళ్ళు బిగబడితే సైకిలు ఆగుతుంది. కాబట్టి బ్రేకులు దండగని వాడి నమ్మకం. అవి కూడా తీయించాడు. మూడో వారంలో, సీతారామపురం రోడ్డు వాలులో, వాడు కాళ్ళు వెనక్కి బిగబట్టినప్పుడు పళ్ళచక్రం, దాన్ని చక్రానికి బిగించిన మరలోంచి ఊడిపోయింది. కింద మలుపులో కంకర ట్రాక్టరు ఆగి ఉంది. వాడికి ముప్ఫై నాలుగేళ్ళు.

పని చేసిన మెకానిక్కు పేరు మస్తానయ్య. సమాధి దగ్గర పాస్టరు ప్రార్థన ముగించకముందే, అందరూ వింటుండగా, నా తమ్ముణ్ణి చంపింది ఆ మస్తానయ్యేనని అన్నాను. ఏడు నెలలుగా కనిపించిన ప్రతివాడితో అదే అంటున్నాను. ఈ ప్రయాణంలో నా సంచిలో ఉదయగిరి పోలీస్ స్టేషనుకి రాసిన అర్జీ ఉంది. ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ అర్జీలు చదివే ఉద్యోగం నాది, అందుకని బాగానే రాశాను. సంతకం ఒక్కటే మిగిలింది. మస్తానయ్య నన్నెప్పుడూ చూడలేదు. నా సైకిలుకి కూడా ఫ్రీవీలు చంపి బ్రేకులు తీసెయ్యమంటాను. నోరెత్తకుండా తీసేస్తాడు. నేను నేరుగా స్టేషనుకి వెళ్ళి సంతకం పెడతాను. ఇదీ పథకం.

కండక్టరు లగేజీ టికెట్టు కొడుతూ, "ఏంది సార్, సైకిల్ ఉండేది తొక్కేదానికా, మొయ్యేదానికా?" అన్నాడు. రిపేరుకని చెప్పాను.

ఏడూ యాభైకి ఆత్మకూరు. అక్కడ బస్సు పది నిమిషాలు ఆగుతుంది. శామ్యూల్ భార్య సునీత ఇప్పుడు ఆత్మకూరులోనే పుట్టింట్లో ఉంటోంది, మందుల షాపులో పనికి పోతోంది. నేను ముందురోజు ఫోను చేసి సంగతంతా చెప్పాను కాబట్టి టిఫిన్ డబ్బా పట్టుకుని బస్టాండుకి వచ్చింది. దోసెలు, వేరుశెనక్కాయల పొడి. కిటికీలోంచి డబ్బా అందిస్తూ సైకిలు వైపు చాలాసేపు చూసింది.

"అర్జీ రాసినారా బావా?"

"రాశాను."

"ఇచ్చే ముందర ఆయన చెప్పేదంతా ఇనండి. మధ్యలో లేచి రాబాకండి." ఇంకేదో అనబోయి ఆగిపోయింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నా మాటకి ఎదురు చెప్పి ఎరగదు. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావతో అలా మాట్లాడదు. నేనూ అది గొప్ప సుగుణంగానే లెక్కవేసుకుంటూ వచ్చాను.

ఆత్మకూరులో ఒక ముసలామె నా పక్కన కూర్చుంది. అనుమసముద్రంపేట దర్గాలో పదకొండు రోజులు ఉండి, సొంతూరు సీతారామపురం వెళుతోంది. మెడలో తాయెత్తు కొత్తగా ఉంది. దోసె పెడితే మొహమాటం లేకుండా తీసుకుంది. సైకిలుని చూపించి, ఎవరి దగ్గర బాగుచేయిస్తావని అడిగింది. మస్తానయ్య దగ్గర అన్నాను.

"వద్దు నాయనా. మా రోడ్డు వాలులో ఒక మాస్టరు పోయినాడు, ఆయన చేసిన సైకిలే. చచ్చినాయన అన్న నెల్లూర్లో పెద్ద ఆఫీసరంట, ఆయనే చెప్పినాడంట. అప్పుట్నించి మావోళ్ళు ఆడికి సైకిల్ ఇయ్యడం లేదు."

నేను ఆఫీసర్ని కాదు, హెడ్ క్లర్కుని. కానీ నా మాట కొండ మీది మండలం దాకా నడిచి వెళ్ళిందని తెలిసి లోపల సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు, వేసింది.

తొమ్మిదీ నలభైకి ఉదయగిరిలో దిగాను. ఎండ అప్పటికే ముదిరింది. దుర్గం కొండ ఊరి నెత్తిన అడ్డంగా నిలబడి గాలి కూడా రానివ్వడం లేదు. మస్తానయ్య దుకాణం బస్టాండు నుంచి ఐదు నిమిషాల నడక. అడిగితే చెబుతారు గానీ, చెప్పేముందు ఒక్క క్షణం మన మొహంలోకి చూస్తారు.

రేకుల కొట్టు, వెనక చెక్కల గోడ. చెక్కల మీద నల్ల పెయింటుతో ఏవో రాతలు. మస్తానయ్యకి అరవై దాటి ఉంటాయి. బక్కగా ఉన్నాడు, కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాడు. కొట్లో ఒక్క సైకిలు కూడా లేదు. గోనెపట్టా మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. నేను సైకిలు దించేసరికి లేచి, ముందు దాన్ని తడిమి చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"మంచి బండి సార్. తొక్కకుండా ఎందుకు ఎండబెట్టినారు?"

ఫిక్స్‌డ్ గేరు కావాలన్నాను. ఆయన చేతులు ఒక్కసారి ఆగాయి. తర్వాత పనిలోకి దిగాడు.

గేర్ల వైర్లు కోశాడు. చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకో దానికి తోసే చేతిలాంటి భాగాన్ని ఊడదీశాడు. ఐదు పళ్ళచక్రాల గుత్తిని వెనక చక్రం మరలోంచి విప్పడానికి మనిషంత బరువూ రెంచి మీద వేశాడు. దాని బదులు ఒంటి ఫ్రీవీలు తెచ్చి, పక్కనున్న వెల్డింగు షాపులో దాని లోపలి భాగానికీ పళ్ళకీ కలిపి నాలుగు చోట్ల అతికించాడు. "ఇంక చచ్చిపోయినట్టే ఇది," అన్నాడు. చైను వరస నేరుగా రావడానికి ఇరుసుకి వాషర్లు అటువి ఇటు మార్చాడు. లింకులు తగ్గించి చైను పొట్టి చేశాడు. పాత సైకిలు కావడంతో వెనక చక్రం కూర్చునే గాడి పొడుగ్గా ఉంది. చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగువు చూసుకోవడానికి అదే కావాలట. తొందరలేని పని. ఒక్కో నట్టూ రెండుసార్లు చూశాడు. తప్పు పట్టడానికి కూర్చున్నవాణ్ణి, నాకు తప్పు దొరకలేదు.

పన్నెండున్నరకి సైకిలుని స్టాండెక్కించి చక్రం తిప్పాడు. పెడళ్ళు వాటంతట అవే తిరిగాయి. నేను ఒక పెడలు మీద చెయ్యి పెడితే నా చేతిని కూడా లాక్కుపోయింది. కాళ్ళు ఆపుదామన్నా ఆపనివ్వని సైకిలు మీద, ఆ వాలులో, నా తమ్ముడు ఎలా కూర్చుని ఉంటాడో అప్పుడు తెలిసింది. చెయ్యి లాగేసుకున్నాను.

"బ్రేకులు కూడా తీసెయ్యి," అన్నాను.

"తియ్యను సార్."

"డబ్బులు నేనిస్తున్నాను కదా."

"డబ్బుల మాట కాదు. కాళ్ళు వెనక్కి పట్టేకొద్దీ ఈ పళ్ళచక్రం మర వదులైతాది. అది ఊడకుండా లాక్ రింగు పట్టే హబ్బు కాదిది. బ్రేక్ ఉండాల. కాదూ కూడదంటే, మీ ఇంట్లోవాళ్ళని ఎవరినన్నా తోలుకోని రాండి. వాళ్ళు నా ముందర చెప్తే తీస్తాను."

యాభై మూడేళ్ళవాణ్ణి ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మంటున్నాడు. కోపంతో పాటు, నిజం చెప్పాలంటే, భయం కూడా మొదలైంది. పథకం ఇలా లేదు. ఇదేం పద్ధతని అడిగాను.

ఆయన చెక్కల గోడ చూపించాడు. "ప్రాణం మీదికొచ్చే పని ఏది చెప్పినా, ఇంటి పెద్దకి ఫోన్ చేసి అడిగేవాణ్ణి. మోటార్‌సైకిల్ సైలెన్సర్ కోసేదైనా, బ్రేక్ తీసేదైనా. ఆ నంబర్లే అయి. ఇప్పుడు ఫోన్ మాట నమ్మడం మానేసినాను. మనిషి రావాల."

దగ్గరికి వెళ్ళి చూశాను. ప్రతి నంబరు కిందా ఒక మాట రాసి ఉంది. నాయన, సీతారామపురం. మామ. మేనమామ, వింజమూరు. కింది వరసలో, మాస్టరు అన్న. దాని పైన ఉన్న నంబరు నాది.

రెండుసార్లు చదివాను. అంకెలు మారలేదు.

"ఈ అన్న ఏమన్నాడు?" అని అడిగాను.

"మాస్టరికి ఇదే మాదిరి చెప్పినా. ముందర బ్రేక్ ఒకటన్నా ఉంచుదామన్నా. ఒప్పుకోలా. అన్నని అడుగుతానంటే ఆయనే నంబర్ ఇచ్చినాడు. ఫోన్లో ఎనక మేళం మోగతా ఉండింది, పెళ్ళిలో ఉన్నట్టుండాడు. 'తీసెయ్యవయ్యా, వాడు లెక్కల మాస్టరు, వాడికి తెలీదా, నన్నెందుకు విసిగిస్తావ్' అని పెట్టేసినాడు."

ఆఫీసులో సహోద్యోగి కూతురి పెళ్ళి. భోజనాల వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. తెలియని నంబరు, ఎవరో ముసలి గొంతు, సైకిలు, బ్రేకు అంటూ నసుగుతున్నాడు. వెనక మనిషి తోస్తున్నాడు. ఇదంతా అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందు గుర్తు లేదంటే నమ్మేవాళ్ళు నమ్మండి.

"ఆ అన్న నేనే," అన్నాను.

మస్తానయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూస్తూ కూర్చున్నాను. "పోలీసోళ్ళు రెండు తూర్లు పిలిచినారు సార్. మీ ఫోన్ సంగతి చెప్పలా. ఇంట్లో మనిషి పోయినాడు, దానిమీద అన్న పేరెందుకని. నాదీ తప్పుండాది, మొహం చూడకుండా మాట నమ్మినా." లోపలికి వెళ్ళి న్యూస్‌పేపరు పొట్లం తెచ్చి ఇచ్చాడు. శామ్యూల్ సైకిలు బ్రేకులు, వైర్లతో సహా. "మళ్ళా బిగించుకునేదానికి వస్తాడని ఉంచినాను."

ఉదయగిరి బస్టాండు పక్కన భోజనం దొరుకుతుంది. నేను తినలేదు, ఎలా ఉంటుందో చెప్పలేను. రెండుంబావుకి తిరుగు బస్సు. సైకిలు వెనక సీటు పక్కన నిలబెట్టాను. బస్సు కుదిపినప్పుడల్లా చక్రం కదిలి, పెడలు నా మోకాలికి తగిలింది. పక్కకి జరగాలనిపించలేదు.

నాలుగింటికి ఆత్మకూరు. మళ్ళీ పది నిమిషాలు. ప్లాట్‌ఫారం చివర సునీత నిలబడి ఉంది. కిటికీ దించుకుని, సీట్లో కిందికి వంగి కూర్చుంటే బస్సు వెళ్ళిపోతుంది. ఆ ఆలోచన వచ్చింది. రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాను కూడా. తర్వాత పొట్లం తీసుకుని దిగాను.

"అర్జీ ఇచ్చినారా బావా?"

"లేదు."

"ఆయన ఏం చెప్పినాడు?"

"బ్రేకులు తీసెయ్యమని చెప్పింది నేనే సునీతా. ఫోన్లో. మర్చిపోయాను."

ఆమె మొహంలో ఆశ్చర్యం వెతికాను. లేదు.

"ఆ రోజు సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి చెప్పినాడు. 'అన్న మొదటిసారి నా మాటకి సరే అన్నాడు' అన్నాడు. అన్నం తింటా మళ్ళా చెప్పినాడు. అంత సంతోషంగా ఉండినాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "సమాధి కాడ మీరు మస్తానయ్యని అంటా ఉంటే, దుఃఖంలో మర్చిపోయినారులే, రేపు చెప్తారు అనుకున్నా. ఏడు నెల్లు చూసినా బావా. అర్జీ ఇచ్చుంటే మాత్రం నేనే స్టేషన్‌కి పోయి చెప్పేదాన్ని."

కండక్టరు విజిలేశాడు. సునీత నా చేతిలోంచి పొట్లం తీసుకుంది.

"ఆదివారం చర్చికి రండి. సమాధి కాడ అన్న మాట అందరి ముందర ఎనక్కి తీసుకోండి," అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

సంగం దాటేసరికి ఎండ తగ్గింది. ఐదూ నలభైకి నెల్లూరు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇది. ఉదయగిరిలో మస్తానయ్య పని నమ్మకమైనది, ఆ చుట్టుపక్కల అంత శ్రద్ధగా నట్టు బిగించే మనిషి లేడు. సైకిలు ఏదైనా ఆయనకే ఇవ్వండి. ఇంట్లోంచి ఒక మనిషిని వెంట తీసుకెళ్ళండి, ఆయన అడుగుతాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాణ్ణని ఏడు నెలలు నేను అందరి దగ్గరా జాలి పుచ్చుకున్నాను. వాడు బతికి ఉండగా నన్ను అడిగినవి చాలా ఉన్నాయి. వాటిలో నేను సరేనన్నది అదొక్కటే.