ఆవుకు చెప్పిన లేతు పాఠాలు

డుంబ్రిగుడ దగ్గరి కొండ ఊళ్లో లేతు మీద కర్రను తిప్పి చెక్కే పని సోంబరు ఒక్కడికే వచ్చు. కుర్రతనంలో కొండ దిగి, బొమ్మలు చేసే ఒక ముసలాయన దగ్గర నేర్చుకున్నాడు. ఆయన గొప్ప పనివాడే కానీ నోరు మంచిది కాదు. ఉలి జారితే తిట్టేవాడు, జారకపోతే రేపు జారుతుందని తిట్టేవాడు. ఆ తిట్లు తిని తిని, తన దగ్గరికి ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా పల్లెత్తు మాట అనకూడదని సోంబరు ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటికి ఎవరూ రాలేదు కాబట్టి ఒట్టు భద్రంగానే ఉంది.

తొంభై ఏడులో వచ్చారు. బొర్రా గుహలు చూసి సంతకొచ్చినవాళ్లు సోంబరు చేసిన కుంకుమ భరిణెల కోసం ఎగబడటం చూసి, అతనికి వరసకు వదినయ్యే అచ్చియమ్మ మరో ఇద్దరిని వెంటేసుకుని పాకలోకొచ్చి కూర్చుంది. కృపావతి, గంగ.

"మాకూ నేర్పు మరిదీ" అంది.

సోంబరు లేతు పాతకాలపుది. బిగించిన కర్రకు తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే, ఇంకొకరు ఉలి ఆనించి చెక్కాలి. గంగ తాడు లాగింది. అచ్చియమ్మ ఉలిని గునపంలా పొడిచింది. కర్ర ఊడి ఎగిరి వెళ్లి కృపావతి ఒళ్లో పడింది.

సోంబరు దవడలు బిగుసుకున్నాయి. "బాగుంది వదినా" అని బయటికి నడిచాడు. బయట కట్టేసిన ఆవు ముందు నిలబడ్డాడు.

"ఏటే, కర్ర సెక్కుతున్నావా, దుంపలు తవ్వుతున్నావా? అలా పొడిస్తే ఎగిరిపోదేటి? ముందు ఉలి వీపు కర్రకు ఆనాల. ఆనాక పిడి కాస్త కాస్త పైకెత్తాల. అప్పుడు దానంతటదే తెగుద్ది. పొగరుబోతు మొగవా!"

ఆవు నెమరేస్తూ వింది. తడిక సందులోంచి ఆ ముగ్గురూ విన్నారు.

మనసు చల్లబడి అతను లోపలికొచ్చేసరికి అచ్చియమ్మ ఉలి కింద చెక్కపొట్టు రిబ్బనులా చుట్టలు తిరుగుతోంది.

"ఎవరు సెప్పారు వదినా?"

"మాకే తోసింది" అంది ఆమె.

వీళ్లకు పుట్టుకతోనే చేయి తిరిగిందని సోంబరు నమ్మేశాడు. ఆ తరవాత ఏం తెలుసుకోవాలన్నా వాళ్లు కావాలనే ఓ తప్పు చేసేవాళ్లు. రంగు వేయడం తెలియాలనుకున్న రోజున గంగ ఆగి ఉన్న కర్రమీద లక్క పుల్ల రుద్దింది. కర్ర జోరుగా తిరిగితేనే వేడి పుడుతుందని, ఆ వేడికే లక్క కరిగి పట్టుకుంటుందని ఆవుకు మరో పాఠం అందింది.

వానలు మొదలవగానే సోంబరు అక్క వచ్చి దుక్కికని ఎద్దును అడిగి, ఎద్దు లేదంటే ఆవునే తోలుకుపోయింది. ఆ మధ్యాహ్నం కృపావతి తను చెక్కుతున్న గిన్నె అడుగుకు చిల్లు పెట్టింది. సోంబరు బయటికెళ్లాడు. ఖాళీ గుంజ చూసి లోపలికొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. మొహం కందగడ్డలా అయింది.

"ఆవు లేదు కదా మరిదీ, మమ్మల్నే తిట్టు" అంది అచ్చియమ్మ. "ఎలాగూ ఇన్నాళ్లూ విన్నది మేమే."

సోంబరు కర్రల మోపుమీద కూలబడ్డాడు. "అన్నీ విన్నారా?"

"పొగరుబోతు మొగం కూడా" అంది కృపావతి.

అతను తల దించుకున్నాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని గంగ కంగారు పడి దగ్గరికెళ్లి చూస్తే, నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆ రోజునుంచి తప్పు ఎక్కడుందో ఎదురుగానే చెప్పడం మొదలుపెట్టాడు. అరవకుండా చెప్పడం అతనికే వింతగా ఉండేది.

అచ్చియమ్మ సొంతంగా చేసిన మొదటి వస్తువు తను కాల్చే చుట్టలు దాచుకునే డబ్బా. మూత ఎంత అందంగా కుదిరిందంటే, ఊరంతా తిప్పి చూపించి, చుట్టలన్నీ అందులో పెట్టి మూసింది. రాత్రికి రాత్రే వాన చెమ్మ పీల్చి కర్ర ఉబ్బింది. తెల్లారి మూత రాలేదు. గంగ లాగింది, కృపావతి లాగింది, అచ్చియమ్మ పళ్లతో పట్టి లాగింది. చుట్ట లేక ఆమెకు తలనొప్పి మొదలైంది.

"ఉబ్బుతుందని ముందే సెప్పలేదేటి?" అంది సోంబరును పట్టుకుని.

"అడక్కుండానే మూసీసేవు గదా వదినా" అన్నాడతను. డబ్బాను పొయ్యి పక్కన ఆరబెట్టి, తనూ ఆమె పక్కనే చతికిలబడి, అది ఎప్పుడు వదులవుతుందా అని కూర్చున్నాడు.