విత్తనపు కాయలు, ఇటలీ క్రియలు

ఈమధ్య మా ఊరి హోటళ్లలో చట్నీ బాగా పలచబడింది. ఇడ్లీ పక్కన పోసే ఆ తెల్లటి ద్రవంలో వేరుశనగ గింజ అన్నది ఉండటం లేదు. పుట్నాలపప్పు, నీళ్లు, పైన మొహమాటానికి నాలుగు ఆవాలు. మా జిల్లాకు దేవుడిచ్చిన పంట ఒక్కటే, అదీ ఆయనకు గుర్తున్న ఏడాదే ఇస్తాడు. ఆ ఒక్కదాన్నీ చట్నీలో వేయడానికి వీళ్లకు చేతులు రావడం లేదు. సర్వరును అడిగితే, గట్టిగా కావాలంటే వడ తీసుకోమన్నాడు.

ఇలా గింజల మీదికి మనసు పోయినప్పుడల్లా నాకు ఇటలీ భాష గుర్తుకొస్తుంది. వరస కుదరని మాటలాగే ఉంటుంది కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

డెబ్బైల చివర్లో నేను అనంతపురంలో ఒక ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెప్పేవాణ్ని. ఒకసారి తప్పినవాళ్లను రెండోసారి తప్పకుండా చూడటం నా ఉద్యోగం. అందులో నేను కూడా అప్పుడప్పుడు తప్పేవాణ్ని. బుక్కరాయసముద్రంలో అద్దెకుండేవాళ్లం. ఊరి అంచున సిస్టర్లు నడిపే చిన్న ఆసుపత్రి ఉండేది. మా పెద్దమ్మాయి అక్కడే పుట్టింది. ఆ కాన్పు చేసింది ఇటలీ నుంచి వచ్చిన ఒక ముసలి సిస్టర్. ఆమె మా సీమ తెలుగును మాకంటే గట్టిగా మాట్లాడేది. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను ఆమె తిట్టే తిట్లు గేటు బయట బీడీ తాగుతున్న మొగుళ్లకు కూడా తగిలేవి.

ఒక ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి. తెలుగు కోలుకోలేదు. ఇంగ్లీషూ పోయింది. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్న భాష ఒక్కటే మిగిలింది. ఆసుపత్రిలో మిగతా సిస్టర్లు కేరళ వాళ్లు, వాళ్లకు ఇటలీ భాష రాదు. ఆమె నీళ్లడిగితే దుప్పటి కప్పేవారు. దుప్పటి అడిగితే ప్రార్థన చేసేవారు.

అప్పుడు మా ఇంటికి ఆసుపత్రి ఆయా వచ్చింది. ముప్పై దాటిన మనిషి, గార్లదిన్నె వైపు పల్లె. ఆమెను కన్న తల్లి ఈ ఆసుపత్రిలోనే కాన్పులో పోయింది. పెంచింది ముసలి సిస్టరే. ఆయా చేతిలో ఒక పాత పుస్తకం ఉంది. ఇంగ్లీషు వాళ్లకు ఇటలీ భాష నేర్పే వ్యాకరణం. ఎప్పుడో ఎవరో సిస్టరు వదిలేసి పోయింది. నేను నాకు ఇటలీ భాష ఒక్క ముక్క రాదని చెప్పాను.

"ఇంగ్లీసు వస్తాది కదా సార్ నీకు. రెండూ తెల్లోళ్లవే కదా," అంది ఆయా.

తర్వాత అసలు సంగతి చెప్పింది. వానలు పడే కాలానికి పైనుంచి పెద్ద సిస్టరు వస్తుందట. ఇక్కడ ముసలామె మాట అర్థం చేసుకునే దిక్కు లేకపోతే, ఆమెను ఇటలీ తీసుకుపోయి అక్కడి వృద్ధుల మఠంలో ఉంచుతారట. అక్కడైతే భాష ఇబ్బంది ఉండదని వాళ్ల ఆలోచన. ఆలోచనలో తప్పేమీ లేదు. ఆయా మాత్రం నేల చూస్తూ, ఆమె ఊర్లో ఆమెను ఎరిగినవాళ్లు ఒక్కరైనా బతికి ఉంటారా అని నన్నడిగింది. నాకు తెలియదన్నాను. నాకు తెలియని విషయాలు ఆ సాయంత్రం వరసగా బయటపడుతున్నాయి.

అలా మొదలైంది. ట్యుటోరియల్ అయిపోయాక చెరువుకు అడ్డంగా నడిచి ఆసుపత్రికి పోయేవాణ్ని. ఆ సంవత్సరాల్లో చెరువులో నీళ్లు లేకపోవడం వల్ల నాకు దక్కిన లాభం ఆ అడ్డదారి ఒక్కటే. ముందురోజు రాత్రి నేను చదువుకున్న పేజీని మరుసటి రోజు ఆయాకు చెప్పేవాణ్ని. గురువు శిష్యురాలి కంటే ఒక్క పేజీ ముందుండేవాడు. మా ట్యుటోరియల్‌లో కూడా పద్ధతి అదే కాబట్టి కొత్తగా అనిపించలేదు.

ఇటలీ క్రియలు మనవాటిలాగే తోక మార్చుకుంటాయి. నేను తింటే ఒక తోక, నువ్వు తింటే ఒకటి, మనం తింటే ఇంకొకటి. అంతవరకూ బాగానే ఉంది. కానీ వాళ్లు జరిగినదానికి ఒక వరస, జరుగుతూ ఉండినదానికి ఒక వరస, ఆజ్ఞకు ఒకటి, మర్యాదగా కోరుకోవడానికి ఒకటి పెట్టుకున్నారు. చివరికి సందేహపడటానికి కూడా విడిగా క్రియారూపాలున్నాయి. మా వైపు సందేహం వస్తే 'ఏమో' అంటాం, పని జరిగిపోతుంది. ఆ అధ్యాయాన్ని నేను పక్కకు తిప్పేశాను.

వర్తమానం అయ్యాక ఆయా ఒక ఫిర్యాదు తెచ్చింది. తను నేర్చుకున్న మాటలకు ముసలామె బదులు పలకడం లేదు. ఏం తింటావు అని అడిగితే గోడ వైపు తిరుగుతోంది. అప్పుడు నేను మంచం పక్కన కూర్చుని, ఆమె గొణిగే మాటలను పుస్తకంలో వెతికాను. ఆమె మాట్లాడేదంతా జరుగుతూ ఉండిన కాలంలోనే. వెళ్తుండేదాన్ని, కోస్తుండేవాళ్లం, అమ్మ పిలుస్తుండేది. ఆయాకు అది విడమరచి చెప్పాను.

"అట్లయితే మనం కూడా ఆడికే పోదాం సార్," అంది.

మధ్యలో పాఠాలు వదిలేసి ఆ అధ్యాయానికి పోయాం. మరుసటి రోజు ఆయా రాగి జావ గిన్నె పట్టుకుని, "కోసా మాంజావి?" అని అడిగింది. ఏం తింటుండేదానివి అని. ముసలామె ఇటు తిరిగింది. అడవిలో ఏరిన కాయల గురించి, వాటిని పొయ్యిలో కాల్చడం గురించి చెప్పడం మొదలుపెట్టింది. చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా ఆయా ఒక చెంచా జావ పోసింది. గిన్నె ఖాళీ అయింది. వ్యాకరణం వల్ల ఒకరి కడుపు నిండటం నేను చూసింది అదే మొదలు. మా ట్యుటోరియల్ ప్రిన్సిపాల్ సంగతి వేరే అనుకోండి.

ఇంతలో ఆసుపత్రి చేనుకు విత్తనం వలిచే రోజులొచ్చాయి. వరండాలో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని, వేరుశనగ కాయలు వేళ్లతో నొక్కి గింజలు తీస్తారు. చేను చూసే మేస్త్రీ స్టూలేసుకుని ఎదురుగా కూర్చుంటాడు. ఆ పనికి ఒక కట్టడి ఉంది. నోరు ఆడుతూ ఉండాలి. పాటో, కథో, ఎవరింటి గొడవో, ఏదైనా సరే. నోరు ఊరుకుంటే గింజ నోట్లోకి పోతుందని మేస్త్రీల నమ్మకం. ఎవరైనా ఒక్క క్షణం మాట ఆపితే, విత్తనం తినేస్తే చేన్లో మీరే మొలుస్తారా అని అడిగేవాడు.

ఆయా కూడా ఖాళీ ఉన్నప్పుడు ఆ గుంపులో కూర్చునేది. నోరు ఆడాలి కదా అని ఆమె పాఠమే అందుకుంది. మాంజో, మాంజి, మాంజా అని ఆమె అంటే, మాంజామో, మాంజాతే, మాంజనో అని మిగతావాళ్లు ఎత్తుకునేవాళ్లు. నాట్లప్పటి పాట బాణీ దానికి సరిగ్గా అతికింది. అర్థమేమిటని వాళ్లు అడిగితే ఆయా చెప్పింది. నేను తింటాను, నువ్వు తింటావు, ఆమె తింటుంది, మనం తింటాం, మీరు తింటారు, వాళ్లు తింటారు. మీరు తినండి అని చెప్పాలన్నా ఆ ఐదో మాటే.

"పాటలోనైనా మనం కూడా తింటాండామే," అంది వలిచేవాళ్లలో అందరికంటే పెద్దామె. మేస్త్రీకి అర్థం కాకపోయినా, నోళ్లు ఆడుతున్నాయి కాబట్టి అభ్యంతరం లేదు. కుర్చీలో కూర్చోబెట్టిన సిస్టరు ఆ పాట వింటూ, మేం తప్పు పలికిన చోట మొహం చిట్లించేది. నేను నేర్పిన ఉచ్చారణ చాలావరకు అలా చిట్లింపుల ద్వారానే బాగుపడింది.

పెద్ద సిస్టరు వచ్చే రోజు ఆయా నన్ను పక్కన ఉండమంది. వచ్చినామె ఇటలీ మనిషి, పొడుగ్గా, కళ్లద్దాలతో, మంచి మనిషిలాగే ఉంది. అది ఇంకా కష్టం. వరండాలో కుర్చీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ముసలామెను నెమ్మదిగా ఏవేవో అడిగింది. ముసలామె గోడ వైపు తిరిగింది. పెద్దవాళ్ల ముందు అల్లరి వద్దని మేస్త్రీ ఆ పూట పాట ఆపించాడు. ఆడవాళ్లు పెదాలు బిగించుకుని కాయలు వలుస్తున్నారు. టప్ టప్ మని తొక్కలు పగిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయా కొంగు నలుపుతూ నిలబడింది.

ముసలి సిస్టరు వచ్చినామెను వదిలి ఆడవాళ్ల వైపు చూసింది. వాళ్ల మూసిన నోళ్లు చూసింది, ఒళ్లో గింజలు చూసింది. మంచి చెయ్యి ఎత్తి, "మాంజాతే," అంది. ఎవరూ కదలలేదు. ఆమెకు కోపం వచ్చింది. కాన్పుల గదిలో విన్న ఆ పాత గొంతుతో, "మాంజాతే!" అని మళ్లీ అంది.

అది వాళ్లకు తెలిసిన మాట. వరసలో ఐదోది. వలిచేవాళ్లలో పెద్దామె మేస్త్రీని ఒకసారి చూసి, "అమ్మ తినమంటాండాది," అని చెప్పి పిడికెడు గింజలు నోట్లో వేసుకుంది. తర్వాత అందరూ వేసుకున్నారు. మేస్త్రీ స్టూలు మీద నుంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. ముసలి సిస్టరు వచ్చినామెకు కూడా చేట చూపించింది. ఆమె కూడా నాలుగు పచ్చి గింజలు తీసుకుని నమిలింది.

వీళ్లకు ఎలా అర్థమైందని ఆమె నన్ను ఇంగ్లీషులో అడిగింది. వర్తమానం, జరుగుతూ ఉండిన కాలం అయ్యాయని, సందేహం ఇంకా మొదలుపెట్టలేదని చెప్పాను. ఆమె నవ్వి, ఆయా వైపు తిరిగి, ఇటలీ భాషలో ఈమె ఏం కోరుకుంటోంది అని అడిగింది.

ఆయా పదాలు ఒక్కొక్కటిగా పేర్చింది. ఇక్కడ ఉండాలనుకుంటోంది అని చెప్పింది. ఆ మాట ఈమె నీతో అన్నదా అని పెద్ద సిస్టరు అడిగింది. అవునంటే సరిపోయేది. నేనైతే అవుననేవాణ్ని. ఆయా నలుపుతున్న కొంగు వదిలేసింది.

"నో," అంది. "ఇయో వోల్యో." లేదు, నేను కోరుకుంటున్నాను అని.

పెద్ద సిస్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తిరిగి పెట్టుకోవడానికి కొంత సమయం పట్టింది. మరుసటి రోజు పొద్దున బయలుదేరే ముందు, ముసలామె ఇక్కడే ఉంటుందని, ఆయాకు ఇక వేరే వార్డు పని చెప్పొద్దని కేరళ సిస్టర్లతో అంది. ఆ ఏడు అర ఎకరం విత్తనం తక్కువైందని, దానికి కారణం ఇటలీ అని మేస్త్రీ ఊరంతా చెప్పుకున్నాడు. వాన పడకపోవడంతో మిగతా ఎకరాలు కూడా ఆ అర ఎకరంతో సమానమయ్యాయి.

నా ఉత్సాహం మాత్రం తగ్గలేదు. గెలిచిన మాస్టరుకు పుస్తకం ముగించాలనిపిస్తుంది. ఆ వారం భవిష్యత్తు అధ్యాయం బాగా చదువుకుని, అడ్డదారిన నడిచి పోయాను. ఆయా ముసలామె తల దువ్వుతోంది. చిన్నపిల్లకు వేసినట్టు రెండు సన్నటి జడలు వేస్తోంది. ఇవాళ జరగబోయే కాలం మొదలుపెడదాం, ఇది అన్నిటికంటే తేలిక అన్నాను.

ఆయా దువ్వెన ఆపకుండానే చెప్పింది.

"జరగబోయేది ఏందో మా ఇద్దరికీ తెలుసు. ఆ పాఠం మాకొద్దు సార్."