పడుకున్నవాళ్ళ కిటికీలు

ఎదురింటివాళ్ళు గోడలకు సున్నం వేయిస్తున్నారు. పొద్దున తొట్టిలో సున్నపు రాళ్ళ మీద నీళ్ళు పోయగానే బుసబుసమని పొంగి, ఆ ఘాటు వాసన మా వాకిలి దాకా వచ్చింది. వెంటనే నా కళ్ళముందు అనసూయ టీచరమ్మ నిలబడింది. ముక్కు మీద సున్నపు చుక్క, నడుముకు బిగించిన కొంగు, మట్టిలో మోకాళ్ళ దాకా దిగిన కాళ్ళు. ఆమెను మీరు చూడలేదు. చూసి ఉంటే మీరూ నాలాగే మొదటి రోజు హడలిపోయేవాళ్ళు.

వరంగల్ నుంచి వర్ధన్నపేట పోయే రోడ్డు మీద, మా ఇంటి పక్కన ఒక ఖాళీ జాగా ఉండేది. బజారులో బట్టల దుకాణమున్న నాగభూషణం సేటుది అది. ఒకనాడు పొద్దున నేను బిందెతో నీళ్ళు తెస్తుంటే, ఆ జాగా నడిమధ్యలో తెల్లజుట్టు ఆడమనిషి ఒకామె వెల్లకిలా పడి ఉంది. కళ్ళు మూతపడి ఉన్నాయి. చేతులు చెరో పక్కకు పడి ఉన్నాయి. ఉరికి వెళ్ళి బిందెడు నీళ్ళు ముఖం మీద కుమ్మరించాను. ఆమె లేచి కూర్చుని, కొంగుతో తల తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది.

“సచ్చిపోయిననుకున్నవా బిడ్డా?”

“మరి గిట్ల ఎవలన్న పండుకుంటరా అమ్మా?”

“గాలి ఎటుకెళ్ళి వస్తాందో చూస్తాన. ఈడ యోగా చేసేటోళ్ళకు ఇల్లు కడతాన. వాళ్ళు సగంసేపు పండుకునే ఉంటరు. అందుకే ముందుగాల నేను పండుకొని చూస్తాన.” కొంగు పిండుకుని, “పానం సల్లవడ్డది గానీ, ఇంకో బిందె ఉంటే తే” అంది.

అదీ మా పరిచయం. ఆమె బడిలో ఆటలు నేర్పి రిటైరైన టీచరు, సేటుకు సొంత చెల్లెలు. అప్పటిదాకా అన్న గోదాములో, బట్టల మూటల మధ్య ఆడవాళ్ళకు యోగా నేర్పేది. గట్టిగా ఊపిరి పీల్చమంటే అందరూ తుమ్మేవాళ్ళని చెప్పి నవ్వేది. నన్ను పనివాళ్ళకు వండిపెట్టడానికి పెట్టుకుంది. నేను అప్పటికి మిర్చి తొడిమలు తీసే కూలికి పోయేదాన్ని. దగ్గుతో నిద్ర ఉండేది కాదు. ఆ పని మానేసి ఈ పనికి వచ్చాక ఆ దగ్గు ఎప్పుడు విడిచిపోయిందో నేను గమనించనే లేదు.

సేటుకు మాత్రం ఈ కట్టుడు నచ్చలేదు. వచ్చినప్పుడల్లా అదే పాట. “రేకులేస్త, ఏసీ పెడత, నెల రోజులల్ల అయిపోతది. ఈ మట్టి పిసుకుడేంది చెల్లె?” అనేవాడు. “ఊపిరి సంగతి చెప్పుకునే జాగల గాలి కొనుక్కుంటమా అన్నా?” అని ఈమె. చివరికి ఆయన ఒక షరతు పెట్టాడు. “ఎండలు ముదిరినంక నేనొచ్చి పండుకుంట. నాకు చెమట పట్టిందంటే కిటికీలు మూసి ఏసీ పెట్టిస్త. మల్ల అలగొద్దు.” జాగా ఆయనది. టీచరమ్మ సరేనంది.

ఆ జాగాలో తవ్విన మట్టితోనే ఇటుకలు చేశాం. పాత ఇళ్ళు కూల్చినచోట్ల పెంకులు ఏరి తెచ్చాం. గోడలకు సిమెంటు తగలనివ్వకుండా సున్నమే పూయించింది. మల్లేశం మేస్త్రీ గొణుగుతూనే గోడలను అద్దంలా తీర్చాడు. ఎండలు ముదిరాయి. సేటు తెల్ల ధోవతిలో వచ్చి, చాప మీద వాలాడు. మేమంతా గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. కాసేపటికే ఆయన బనియను తడిసి ఒంటికి అంటుకుంది.

“గాలొస్తాంది చెల్లె, కాదంట లేను. కానీ నా మీదికెళ్ళి పోతాంది. నిలవడ్డోళ్ళకే గాలి.”

టీచరమ్మ ఆయన పక్కన పడుకుంది. చెయ్యి మెల్లగా పైకెత్తింది. కిటికీ ఎత్తుకు చేరి గాలి తగలగానే చెయ్యి ఆపింది. నేను ఏడుస్తుందనుకున్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది. “పండుకొని జాగ చూసిన. కుర్చీల కూసోని కిటికీలు గీసిన. ఎంత తెలివి నాది.”

“నవ్వుతవేంది? ఏసీ ఆయనకు ఫోన్ చేస్తాన” అన్నాడు సేటు.

“జర రోహిణి కార్తె దాకా ఆగు అన్నా. అప్పుడు గూడ చెమట పడితే నేనే చేస్త ఫోను.”

మర్నాడే గోడలు పగలగొట్టుడు. మేస్త్రీ అలిగి కూర్చున్నాడు. “నా గోడను నేనే పలగ్గొట్టాల్నా? ఎవలన్న చూస్తే నేను తప్పు కట్టిననుకుంటరు.” టీచరమ్మ సమ్మెట అందుకుని మొదటి దెబ్బ తనే వేసింది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే, “తప్పు మేస్త్రీది కాదు, నాది” అని అడగనివాళ్ళకూ చెప్పింది. అంత చదువుకున్న మనిషి తన తప్పును అంత తేలిగ్గా, పండుగ కబురులా చెప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. మా ఇళ్ళల్లో కూర ఉప్పగా అయితే కూడా నెపం ఉప్పుడబ్బా మీదికే పోతుంది. వేపచెట్టు నీడ ఉన్న వైపు నేలకు ఆనించి కిటికీలు పెట్టి, పాములు దూరకుండా మట్టి జాలీలు అమర్చాం. వాటికి వట్టివేళ్ళ తడకలు కట్టాం. వేడి పైకి పోవడానికి ఎదుటి గోడకు కప్పు కింద సందులు విడిచాం.

రోహిణి కార్తెలో, మధ్యాహ్నం సేటు మళ్ళీ వచ్చాడు. నేను తడకలు తడిపి బయటికి వచ్చాను. సేటు చాప మీద వాలాడు. టీచరమ్మ గోళ్ళు కొరుక్కుంటూ అరుగు మీద కూర్చుంది. ఆమెను అట్లా చూడడం నాకు అదొక్కసారే. ఇంతలో లోపలినుంచి గురక మొదలైంది. మేస్త్రీ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. సాయంత్రం యోగాకు వచ్చిన ఆడవాళ్ళంతా బయటే కూర్చున్నారు, సేటును లేపే ధైర్యం ఎవరికీ లేదు. లేచాక ఆయన వీపు తడుముకుని చూసుకుని, “చాయ్ పెట్టుండ్రి” అన్నాడు. ఏసీ మాట ఎత్తలేదు. మర్నాడు దిండు తెచ్చుకున్నాడు. “నాకు పండుకునే ఆసనం ఒక్కటి నేర్పితే సాలు” అన్నాడు.

టీచరమ్మ పోయాక కూడా ఆ హాలు తాళం నా దగ్గరే ఉంది, రోజూ ఊడ్చి తెరిచేది నేనే. మొన్న మా ఇంటికి కొత్త వంటగది కడుతుంటే, మల్లేశం మేస్త్రీ కొడుకు కిటికీ ఎత్తు ఎంతని అడిగాడు. నేను దర్జాగా నేల మీద కూర్చుని, నా ముఖం ఎత్తున బొగ్గుతో గీత గీశాను. అంత గొప్ప మనిషి దగ్గర పనిచేసినదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను. తలుపు దగ్గర నుంచి చూస్తున్న నా కోడలు వచ్చి ఆ గీత పక్కన నిలబడింది. గీత ఆమె నడుము దాకా కూడా రాలేదు.

“నువ్వు నిలవడి వండుతవు గదనే?” అన్నాను.

“అవునత్తా. మీరు గీసినంక ఎట్ల చెప్పాల్నని...”

నాకు నవ్వు ఆగలేదు. కొంగుతో ఆ గీత నేనే తుడిచేసి, బొగ్గు ఆమె చేతికిచ్చాను. “తప్పు నాదే బిడ్డా. నువ్వు నిలవడు, నువ్వే గీయి.”