మీరేం రాసుకుంటారు తల్లీ?

2022. బాపట్లలో ఒక క్లినిక్ మేడ మీద గది తీసుకుని కౌన్సెలింగ్ మొదలుపెట్టిన రెండో ఏడు. ఫోన్ ఎప్పుడు మోగినా ఎత్తేదాన్ని, అన్నం మధ్యలోనైనా సరే. మంచి థెరపిస్టంటే అలాగే ఉండాలని నా గట్టి నమ్మకం!

అప్పుడొచ్చారు సామ్రాజ్యం గారు. పేరు మార్చాను, కథ మాత్రం రాయమని ఆవిడే అన్నారు. వేటపాలెంలో ఇరవై ఏళ్లు జీడిపిక్కలు కొట్టారు. ఆ పెంకులోని నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పని మానేసి ఏడాది దాటినా, ఆ నూనె ఇంకా చేతులకు ఉందేమో, మనవరాలి ఒళ్లు కాలిపోతుందేమోనని ఒకటే భయం. కడిగి కడిగి వేళ్లు పుండ్లు పడ్డాయి. పుట్టిన దగ్గర్నుంచి బిడ్డను ఒక్కసారీ ఎత్తుకోలేదు.

"నెలలో అన్నప్రాసనండి. మేనమామ లేడు, మొదటి ముద్ద నువ్వే పెట్టాలని మా అమ్మాయి పట్టుబట్టింది. ఈ చేతులతో ఎట్టా పెట్టేది?" అని ఏడ్చారు.

దీన్ని ఓసీడీ అంటాం. పట్టుకుని వదలని భయం, దాన్ని పోగొట్టుకోవడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం. దీనికి ఎక్స్‌పోజర్ థెరపీ చేస్తాం. అంటే భయపడే పనిని కొద్దికొద్దిగా చేసి, భయం దానంతటదే తగ్గేదాకా ఓర్చుకోవడం. ఒక్కసారే చేతులు కడుక్కుని మొదట బిడ్డ దుప్పటి, తర్వాత గౌను, తర్వాత పాదం పట్టుకోవాలి.

దుప్పటి దగ్గరే బండి ఆగిపోయింది. రోజుకు పదిసార్లు ఫోను. "ముట్టుకున్నానండి, ఏం కాదుగా?" "ఏం కాదండి." గంటకు మళ్లీ అదే ప్రశ్న.

ఒక మధ్యాహ్నం ఆవిడ వచ్చేసరికి నా క్యారేజీ మూతైనా తియ్యలేదు.

"ఏంటమ్మా, తినలేదా?"

"ఫోన్లు వస్తూనే ఉన్నాయండి."

"మేం చేతికి ఆముదం రాసుకోకుండా పిక్క ముట్టుకునేవాళ్లం కాదు. రాసుకోకపోతే మూడ్రోజుల్లో చెయ్యి పోద్ది, ఆనక పనీ పోద్ది. మీరేం రాసుకుంటారు తల్లీ?"

నవ్వబోయి ఆగిపోయాను. ఆ ఫోన్లలో సగం ఆవిడవే! నేను ప్రతిసారీ "ఏం కాదు" అనడం ఆవిడకు ఇంకోసారి చేతులు కడుక్కోవడం లాంటిదే కదా! రీఅష్యూరెన్స్, అంటే పదేపదే ధైర్యం చెప్పడం, ఈ జబ్బును పెంచుతుందని చదివి పరీక్ష కూడా రాశాను. సిగ్గేసింది. సిగ్గుకు మించి సంబరమూ కలిగింది, దారి దొరికిందని!

"ఇక ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. మీ అమ్మాయీ చెప్పదు. వారానికి రెండుసార్లే ఫోను, అనుకున్న టైముకే."

"మరి భయమేస్తేనో?"

"వెయ్యనివ్వండి. కాసేపు కూర్చుని అదే లేచి పోద్ది."

మొదటి వారం నన్ను తిట్టిపోశారు. రెండో వారం గౌను మడతపెట్టారు. మూడో వారం పాదం పట్టుకుని గంటసేపు వదల్లేదట!

అన్నప్రాసన నాటి సాయంత్రం, అనుకున్న టైముకే ఫోన్ మోగింది.

"పెట్టానమ్మా! సగం నా మీదే ఉమ్మేసింది! ఒళ్లోనే ఉంది, ఇదిగో వినండి!"

కుర్చీలోంచి లేచి గెంతాను. కింద కాంపౌండరు ఏమైందోనని పైకొచ్చాడు.

ఫోన్ ఎత్తి చేయలేని మేలు, ఎత్తకుండా చేయగలిగాను. ఇప్పుడు ఒంటిగంట నుంచి రెండు దాకా నా ఫోన్ మోగదు. ఆ సాయంత్రం ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ "ఏం కాదుగా?" అని అడుగుతారేమో అనుకున్నాను. అడిగింది ఒకటే.

"అన్నం తిన్నారా తల్లీ?"