కరెంటు పోయిన సాయంత్రం

తిరుపతి ఆసుపత్రిలో స్కాన్ తెరమీద నా అండాశయాలు ద్రాక్షగుత్తుల్లా కనిపించాయి. ఇంజెక్షన్లకు గుడ్లు మరీ ఎక్కువ పెరిగాయనీ, ఈ నెలే గర్భం నిలిస్తే పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. గుడ్లు తీసి, ల్యాబులో మా ఆయన వీర్యంతో కలిపి, తయారైన పిండాలన్నిటినీ చలిలో గడ్డకట్టించి ఆసుపత్రిలోనే దాచింది. గర్భం మాట తర్వాత చూద్దామని నన్ను ఇంటికి పంపింది. ఇన్నేళ్లూ గుడ్లు లేవని ఏడిపించిన ఒళ్లు ఇప్పుడు ఎక్కువిచ్చిందంటే నాకు మండిపోయింది.

చిత్తూరు బస్సులో మా అత్త నా పక్కనే కూర్చుంది. కిటికీ అవతల మామిడితోటలు కలలోలా తేలిపోయాయి. మామిడిగుజ్జు ఫ్యాక్టరీ చలిగదిలో ఏళ్ల తరబడి పనిచేసిన ఆమె దారంతా ఏదో ఆలోచిస్తూనే ఉంది.

సాయంత్రం ఇంట్లో కరెంటు పోయింది. అత్త కంగారుగా నా చెయ్యి పట్టుకుంది.

"ఆడ కరెంటు ఉండాదో లేదో ఫోన్ చేసి అడుగమ్మా. పిల్లోళ్లు ఆడుండారు గదా."